టెర్మినల్ మూసినా పని ఆగకుండా: సెషన్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సర్వర్‌లో గంటలు పట్టే పని మొదలుపెట్టాక మధ్యలో నెట్ పోయి, మళ్ళీ మొదటికొచ్చినవాళ్ళు అడిగే ప్రశ్నలే ఇక్కడ ఎక్కువ. ఒకే తెర మీద డజను టెర్మినళ్ళు తెరిచి ఏది ఏదో వెతుక్కునేవాళ్ళవి కొన్ని. జవాబుల్లో ఎక్కువగా వచ్చేది టీమక్స్ (టి-ఎమ్-యు-ఎక్స్ అని రాస్తారు): మీరు వెళ్ళిపోయినా టెర్మినల్ సెషన్లను నడుస్తూ ఉంచే ప్రోగ్రామ్. కమాండ్లను పలికినట్టే తెలుగులో రాశాను. టైప్ చేసేది ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే. పెద్ద అక్షరం కావలసిన చోట అక్కడే చెప్పాను.

నెట్ పోతే సర్వర్‌లో నడుస్తున్న పని ఎందుకు ఆగిపోతుంది?

ఎస్‌ఎస్‌హెచ్‌తో, అంటే దూరంగా ఉన్న మిషన్‌లోకి వెళ్ళే ప్రోగ్రామ్‌తో, లాగిన్ అయినప్పుడు సర్వర్ మీకోసం ఒక సూడో టెర్మినల్ (నిజం టెర్మినల్‌లా నటించేది) తయారుచేసి దాని మీద ఒక షెల్ (మీ కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రామ్) నడుపుతుంది. మీరిచ్చే కమాండ్లన్నీ ఆ షెల్ కిందే పుడతాయి. కనెక్షన్ తెగిందని సర్వర్‌కు తెలిసినప్పుడు ఆ సూడో టెర్మినల్ మూతపడుతుంది. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) షెల్‌కు సిగ్‌హప్ అనే సిగ్నల్ పంపుతుంది, షెల్ దాన్ని తన జాబ్‌లకు, అంటే మీరు మొదలుపెట్టిన పనులకు, పంచుతుంది. ఆ సిగ్నల్ అందితే ఏం చేయాలో ముందే రాసుకోని ప్రోగ్రామ్ అక్కడితో సరి. టెర్మినళ్ళు మోడెమ్‌తో, టెలిఫోన్ లైను మీద కంప్యూటర్‌కు కలిసే రోజుల్లో వచ్చిన పద్ధతి ఇది. లైను కట్టయిందంటే మనిషి వెళ్ళిపోయాడని లెక్క.

అయితే సర్వర్‌కు ఆ సంగతి వెంటనే తెలియదు. వైఫై ఒక నిమిషం పోయి అదే ఐపీ అడ్రస్‌తో తిరిగొస్తే టీసీపీ కనెక్షన్ చాలాసార్లు బతికే ఉంటుంది, ఏమీ జరగనట్టే పని సాగుతుంది. "నాకెప్పుడూ ఇలా కాలేదే" అనేవాళ్ళు చూసింది ఇదే. వైఫై నుంచి మొబైల్ డేటాకు మారితే మాత్రం ఐపీ మారిపోతుంది, ఆ కనెక్షన్ ఇక తిరిగిరాదు.

కమాండ్ ముందు నోహప్ (సిగ్‌హప్‌ను పట్టించుకోవద్దని చెప్పేది) పెట్టి, వెనక నడవడానికి చివర & చేర్చేస్తే చాలదా?

ఒక్క కమాండ్, మధ్యలో మిమ్మల్ని ఏమీ అడగనిది అయితే చాలు. అవుట్‌పుట్ నోహప్.అవుట్ అనే ఫైల్లో పడుతుంది, తీరిగ్గా చూసుకోవచ్చు. కానీ ఆ పని దగ్గరికి మళ్ళీ వెళ్ళి కూర్చోలేరు. సగం దూరం వెళ్ళాక "కొనసాగించాలా? అవును/కాదు" అని అడిగే ప్రోగ్రామ్‌కు జవాబు చెప్పే దారి ఉండదు.

నోహప్ లేకుండా ఇప్పటికే మొదలుపెట్టేసి ఉంటే కంట్రోల్-జెడ్ నొక్కి ఆపండి, బీజీ అని ఇచ్చి వెనక నడవనివ్వండి, తర్వాత «డిజోన్ -హెచ్» ఇవ్వండి (డిజోన్‌ను డి-ఐ-ఎస్-ఓ-డబ్ల్యు-ఎన్ అని రాస్తారు). షెల్ ఇక దానికి సిగ్‌హప్ పంపదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ ప్రోగ్రామ్ ఇంకా పాత టెర్మినల్‌కే రాస్తూ ఉంటుంది. టెర్మినల్ పోయాక రాయబోతే ఎర్రర్ వస్తుంది, కొన్ని ప్రోగ్రామ్‌లు ఆ ఎర్రర్‌కే ఆగిపోతాయి.

మరి టీమక్స్ చేసే తేడా ఏమిటి?

టీమక్స్‌లో రెండు భాగాలున్నాయి, సర్వర్, క్లయింట్. ఇక్కడ సర్వర్ అంటే దూరంగా ఉన్న మిషన్ కాదు, అదే మిషన్‌లో వెనక నడిచే ఒక ప్రాసెస్. మీ షెల్‌ల సూడో టెర్మినళ్ళన్నీ దాని చేతిలో ఉంటాయి. మీ కంటికి కనిపించేది క్లయింట్ మాత్రమే. నెట్ పోతే పోయేది క్లయింటే. టీమక్స్ సర్వర్ మీ లాగిన్ షెల్ నుంచి విడిపోయి నడుస్తుంది కాబట్టి లోపలి షెల్‌లకు ఏ సిగ్‌హప్పూ రాదు. మళ్ళీ లాగిన్ అయి కొత్త క్లయింట్‌ను తగిలిస్తే, వదిలిన చోటే కర్సర్ మెరుస్తూ ఉంటుంది.

అందుకే టీమక్స్‌ను పని ఎక్కడ నడుస్తుందో అక్కడే మొదలుపెట్టాలి. ల్యాప్‌టాప్‌లో టీమక్స్ పెట్టి, దాని లోపల నుంచి ఎస్‌ఎస్‌హెచ్ చేసి, అక్కడ మామూలు షెల్‌లో పని నడిపితే నెట్ పోయినప్పుడు దక్కేది ల్యాప్‌టాప్ వైపు ఖాళీ ప్రాంప్ట్. ఈ పేజీలో ఒక్క ముక్కే గుర్తుంటుందంటే ఇది గుర్తుపెట్టుకోండి.

మొదటిసారి వాడుతున్నాను. ఏం టైప్ చేయాలి?

సర్వర్‌లోకి లాగిన్ అయ్యాక «టీమక్స్ న్యూ -ఎస్ బిల్డ్» ఇవ్వండి. తెర అడుగున ఆకుపచ్చ పట్టీ వస్తుంది. దానికి ఎడమ చివర చదరపు బ్రాకెట్లలో మీరు పెట్టిన పేరు, పక్కన 0 అంకె, షెల్ పేరు కనిపిస్తాయి. మీ పని మొదలుపెట్టండి. ఇప్పుడు కంట్రోల్ పట్టుకుని బి నొక్కండి, రెండూ వదిలేయండి, ఆ తర్వాత విడిగా డి నొక్కండి. పట్టీ మాయమై పాత ప్రాంప్ట్ వస్తుంది, బిల్డ్ సెషన్ నుంచి డిటాచ్ అయినట్టు ఒక లైన్ పడుతుంది. పని లోపల నడుస్తూనే ఉంది.

«టీమక్స్ ఎల్‌ఎస్» ఇస్తే ఉన్న సెషన్ల జాబితా, «టీమక్స్ అటాచ్ -టి బిల్డ్» ఇస్తే మళ్ళీ లోపలికి.

కొత్తవాళ్ళు తడబడేది ఆ రెండు మెట్ల నొక్కుడు దగ్గరే. కంట్రోల్-బి ఒక పిలుపు. "తర్వాత వచ్చే కీ నీకోసమే" అని టీమక్స్‌కు చెప్పడం. దీన్నే ప్రిఫిక్స్ అంటారు. మూడూ కలిపి ఒకేసారి నొక్కితే పని చేయదు. ప్రిఫిక్స్ తర్వాత సి కొత్త విండో (ట్యాబ్ లాంటిది), ఎన్ పక్క విండో, % తెరను ఎడమ కుడిగా చీలుస్తుంది, డబుల్ కోట్ పైకీ కిందికీ చీలుస్తుంది, బాణం గుర్తులు ఆ చీలికల (పేన్ల) మధ్య తిప్పుతాయి, జెడ్ ఒక పేన్‌ను తెరనిండా పెంచుతుంది, మళ్ళీ నొక్కితే తగ్గిస్తుంది. ప్రశ్నార్థకం నొక్కితే అన్ని కీల జాబితా వస్తుంది. వారం రోజులు వీటితోనే నెట్టుకురండి. మొదటి రోజే ఎవరిదో 200 లైన్ల కాన్ఫిగ్ ఫైల్ తెచ్చి అతికించుకుంటే, తర్వాత ఏ కీ ఎందుకలా చేస్తుందో మీకే తెలియదు.

సెషన్, విండో, పేన్: దేన్ని ఎప్పుడు వాడాలి?

సెషన్‌లో విండోలు, విండోలో పేన్లు ఉంటాయి. ఎలా పంచుకోవాలన్నది ఎవరిష్టం వాళ్ళది. నా పద్ధతి చెప్తాను. ఒక ప్రాజెక్ట్‌కు ఒక సెషన్. అందులో ఎడిటర్‌కు ఒక విండో, సర్వర్ ప్రాసెస్‌కు ఒకటి, డేటాబేస్ షెల్‌కు ఒకటి. ఒకదాన్ని చూస్తూ ఇంకోదానిలో టైప్ చేయాల్సినవి ఉంటేనే పేన్, అంటే లాగ్ కదులుతుంటే పక్కన కమాండ్ ఇవ్వడం లాంటి పనులకు. నాలుగు పేన్లు దాటాక లైన్లు విరిగిపోయి ఏదీ సరిగా చదవలేం.

పేర్లు పెట్టడం మాత్రం అందరూ చేయాలి. పేరు లేని సెషన్లకు టీమక్స్ 0, 1, 2 అని అంకెలిస్తుంది. మూడు వారాల తర్వాత ఆ 2లో ఏం నడుస్తుందో ఎవరికి గుర్తుంటుంది? ప్రిఫిక్స్ తర్వాత $ నొక్కితే సెషన్ పేరు, కామా నొక్కితే విండో పేరు మార్చుకోవచ్చు. సెషన్ పేరులో చుక్క, కోలన్ పనికిరావు. ప్రిఫిక్స్ తర్వాత ఎస్ నొక్కితే సెషన్లన్నీ చెట్టులా పరుచుకుంటాయి, బాణం గుర్తుతో ఎంచుకోవడమే.

స్క్రీన్ అలవాటై ఉంది. మారాలా?

టీమక్స్ లాంటి పనే చేసే గ్నూ స్క్రీన్ 1987 నాటిది, టీమక్స్ దానికి ఇరవై ఏళ్ళ తర్వాత 2007లో వచ్చింది. డిటాచ్, అటాచ్ వరకు రెండూ ఒకటే. «స్క్రీన్ -ఎస్ పేరు»తో మొదలు, ఇక్కడ ఎస్ పెద్దది. కంట్రోల్-ఎ, డి తో బయటికి, «స్క్రీన్ -ఆర్ పేరు»తో లోపలికి. అలవాటుంటే బలవంతంగా మారాల్సిన పని లేదు. కాకపోతే రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8 నుంచి స్క్రీన్‌ను ప్రధాన రిపాజిటరీల్లోంచి తీసేసింది, ఈపెల్ అనే అదనపు రిపాజిటరీ నుంచి తెచ్చుకోవాలి. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో టీమక్స్ 4.6 వెర్షన్ నుంచి మూల సిస్టమ్‌తోనే వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు టీమక్సే చెప్తాను. స్క్రీన్‌కు ఒక పనిలో మాత్రం ఇప్పటికీ గిరాకీ ఉంది: సీరియల్ పోర్ట్‌కు నేరుగా కలవడం. పోర్ట్ పేరు, పక్కన 115200 అని వేగం ఇస్తే చాలు, బోర్డు కన్సోల్ తెరుచుకుంటుంది.

ఇదే కోవకు చెందిన జెలిజ్ 2021లో వచ్చింది, రస్ట్ భాషలో రాసినది. ఏ కీ ఏం చేస్తుందో అడుగున చూపిస్తూ ఉంటుంది కాబట్టి మొదటి రోజు హాయిగా ఉంటుంది. కానీ మీరు వెళ్ళే ప్రతి సర్వర్‌లో అది ఉండదు.

నా సొంత కంప్యూటర్‌లోనే పని. ట్యాబులు చాలవా?

చాలు. టెర్మినల్ యాప్ ఇచ్చే ట్యాబులు, చీలికలు మౌస్‌తోనూ క్లిప్‌బోర్డ్‌తోనూ టీమక్స్ కంటే బాగా కలిసిపోతాయి. స్థానికంగా టీమక్స్ అవసరం పడేది రెండు సందర్భాల్లో. టెర్మినల్ యాప్ క్రాష్ అయినా, పొరపాటున మూసినా పని ఉండాలంటే. ఇంట్లో డెస్క్‌టాప్‌లో మొదలుపెట్టినదాన్ని బయట నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో అందుకోవాలంటే. మ్యాక్‌లో ఐటెర్మ్2 అనే టెర్మినల్ యాప్ వాడేవాళ్ళకు మూడో దారి ఉంది: «టీమక్స్ -సీసీ», సీలు రెండూ పెద్దవి. టీమక్స్ విండోలు ఐటెర్మ్ సొంత ట్యాబుల్లా తెరుచుకుంటాయి, ప్రిఫిక్స్ గొడవే ఉండదు.

ల్యాప్‌టాప్‌లో టీమక్స్, సర్వర్‌లో టీమక్స్. కంట్రోల్-బి నొక్కితే లోపలిదానికి చేరడం లేదు.

బయటిది మింగేస్తోంది. ప్రిఫిక్స్‌ను రెండుసార్లు నొక్కితే రెండోది లోపలికి వెళ్తుంది. రోజూ ఇదే పనైతే ల్యాప్‌టాప్ వైపు ప్రిఫిక్స్‌ను కంట్రోల్-ఎ గా మార్చుకోండి. అప్పుడు లైన్ మొదటికి వెళ్ళడానికి షెల్‌లో వాడే కంట్రోల్-ఎ రెండుసార్లు నొక్కాల్సి వస్తుంది, అది చిరాకు అనిపిస్తే ఇంకో అక్షరం. నన్నడిగితే ఒక్క పొరే మేలు: ల్యాప్‌టాప్‌లో మామూలు ట్యాబులు, సర్వర్‌లో టీమక్స్.

ఎస్‌ఎస్‌హెచ్ గడ్డకట్టింది. ఏం నొక్కినా కదలడం లేదు.

ముందు కంట్రోల్-క్యూ నొక్కి చూడండి. సేవ్ చేద్దామని అలవాటుగా కంట్రోల్-ఎస్ నొక్కేసి ఉంటే టెర్మినల్ అవుట్‌పుట్‌ను ఆపేసి ఉంటుంది, కంట్రోల్-క్యూ దాన్ని విడుదల చేస్తుంది. నెట్ సమస్య అనుకుని టెన్షన్ పడేవాళ్ళలో కొందరి సమస్య ఇంతే.

దానికీ కదలకపోతే కనెక్షన్ పోయినట్టే. టెర్మినల్ విండో మూయక్కర్లేదు. ఎంటర్ నొక్కండి, తర్వాత ~ గుర్తు, తర్వాత చుక్క. ఇది సర్వర్‌కు వెళ్ళే కమాండ్ కాదు, మీ వైపు ఎస్‌ఎస్‌హెచ్ క్లయింటే చదువుకుంటుంది, కాబట్టి అవతల ఎవరూ వినకపోయినా పని చేస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ లోపల ఎస్‌ఎస్‌హెచ్ ఉంటే ~ రెండుసార్లు కొట్టి చుక్క పెడితే లోపలిది మాత్రమే తెగుతుంది.

కాసేపు ఊరుకుంటే కనెక్షన్ దానంతటదే పోతోంది.

మధ్యలో ఉన్న రౌటరో ఫైర్‌వాలో కదలిక లేని కనెక్షన్‌ను మర్చిపోతోంది. మీ ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైల్లో సర్వర్‌అలైవ్‌ఇంటర్వల్ 60 అని పెట్టండి, నిమిషానికోసారి చిన్న పలకరింపు వెళ్తుంది. వరుసగా మూడింటికి జవాబు రాకపోతే క్లయింట్ తనే తెంపుకుంటుంది. ఆ మూడు డిఫాల్ట్, మార్చుకోవచ్చు.

మోష్ ఉంటే టీమక్స్ అక్కర్లేదా?

రెండూ వేర్వేరు జబ్బులకు మందులు. ఎస్‌ఎస్‌హెచ్‌కు బదులు వాడే మోష్ 2012లో ఎంఐటీ నుంచి వచ్చింది. లాగిన్ వరకు ఎస్‌ఎస్‌హెచ్ వాడుకుని, ఆ తర్వాత టీసీపీ కాకుండా యూడీపీ అనే పద్ధతి మీదికి మారుతుంది. కనెక్షన్ ఐపీ అడ్రస్‌కు కట్టుబడి ఉండదు కాబట్టి వైఫై నుంచి మొబైల్ డేటాకు మారినా, ల్యాప్‌టాప్ రాత్రంతా నిద్రపోయి లేచినా సాగుతుంది. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు మీరు కొట్టిన అక్షరాన్ని సర్వర్ జవాబు కోసం ఆగకుండా ముందే చూపిస్తుంది, ఇంకా ఖాయం కానివాటికి కింద గీత పెడుతుంది. ప్రయాణంలో పని చేసేవాళ్ళు ఒకసారి దీనికి అలవాటు పడితే వదలరు.

లోటులున్నాయి. పైకి స్క్రోల్ చేస్తే పాత అవుట్‌పుట్ ఉండదు, ఎందుకంటే అది పంపేది ప్రస్తుత తెర స్థితిని మాత్రమే. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ అయితే పాత మోష్ సెషన్‌లోకి తిరిగి వెళ్ళలేరు. సర్వర్‌లో 60000 నుంచి 61000 వరకు యూడీపీ పోర్టులు తెరవాలి, కొన్ని ఆఫీసుల్లో ఇందుకు ఒప్పుకోరు. పోర్టులకు అనుమతి ఉంటే మోష్ లోపల టీమక్స్ పెట్టుకోండి, లోటుల్లో మొదటి రెండూ తీరిపోతాయి.

లాగిన్ అవడం, అటాచ్ అవడం ఒకే కమాండ్‌లో కుదురుతుందా?

«ఎస్‌ఎస్‌హెచ్ -టి హోస్ట్ టీమక్స్ న్యూ -ఎ -ఎస్ మెయిన్». ఎ పెద్దది, మిగతావి చిన్నవి. హోస్ట్ అన్నచోట మీ సర్వర్ పేరు. మెయిన్ అనే సెషన్ ఉంటే అందులోకి వెళ్తుంది, లేకపోతే కొత్తది తయారవుతుంది. -టి మర్చిపోతే సూడో టెర్మినల్ దొరకక టీమక్స్ అలుగుతుంది. దీనికొక ఏలియాస్ (పొట్టి పేరు) పెట్టుకుంటే "టీమక్స్ పెట్టడం మర్చిపోయాను" అన్న మాటే రాదు.

తిరిగి అటాచ్ అయితే తెరలో కొంత భాగమే కనిపిస్తోంది, మిగతాదంతా చుక్కలు.

ఇంకో క్లయింట్ చిన్న తెరతో అదే సెషన్‌కు తగిలి ఉంది. తెగిపోయిన పాత కనెక్షన్ సంగతి సర్వర్‌కు ఇంకా తెలియకపోవడం కూడా కారణం కావచ్చు. «టీమక్స్ అటాచ్ -డి» ఇస్తే మిగతా క్లయింట్లన్నిటినీ తప్పించి మీరొక్కరే ఉంటారు.

"మిస్సింగ్ ఆర్ అన్‌సూటబుల్ టెర్మినల్" అంటోంది.

మీ టెర్మినల్ యాప్ కొత్తది, దాని వివరాలు సర్వర్‌లోని టెర్మ్‌ఇన్ఫోలో, అంటే టెర్మినళ్ళ వివరాల జాబితాలో, లేవు. అప్పటికి గడవాలంటే టెర్మ్ వేరియబుల్‌ను (ఆ పేరు మొత్తం పెద్ద అక్షరాలే) ఎక్స్‌టెర్మ్-256కలర్ అని పెట్టి మళ్ళీ ప్రయత్నించండి.

తిరిగి అటాచ్ అయ్యాక గిట్ పుష్ పని చేయడం లేదు, పర్మిషన్ లేదంటోంది.

ఏజెంట్ ఫార్వర్డింగ్ (మీ ల్యాప్‌టాప్‌లోని ఎస్‌ఎస్‌హెచ్ కీలను సర్వర్ నుంచి వాడుకోనివ్వడం) వాడుతుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. ప్రతి లాగిన్‌కూ ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్ సాకెట్ కొత్త దారిలో పుడుతుంది. మీ పాత షెల్ దగ్గర మాత్రం నిన్నటి దారే ఉంది, అక్కడ ఇప్పుడేమీ లేదు. అటాచ్ అయినప్పుడు టీమక్స్ కొత్త దారిని తన దగ్గర రాసుకుంటుంది కానీ, నడుస్తున్న షెల్ లోపలికి చేయి పెట్టి మార్చలేదు. అందుకే కొత్త విండో తెరిస్తే అందులో గిట్ చక్కగా పని చేస్తుంది. శాశ్వతంగా తీరాలంటే మారని పేరుతో ఒక సింబాలిక్ లింక్ (ఇంకో ఫైల్‌ను చూపే ఫైల్) పెట్టి, లాగిన్ అయినప్పుడల్లా అది కొత్త సాకెట్‌ను చూపేలా చేసి, టీమక్స్ లోపల ఆ లింక్‌నే వాడండి. మీరు కలిసి ఉన్నంతసేపు ఆ సర్వర్‌లో రూట్ (అన్ని అధికారాలున్న యూజర్) ఉన్నవాళ్ళెవరైనా మీ ఏజెంట్‌ను వాడగలరు కాబట్టి, నమ్మకం లేని మిషన్‌కు ఫార్వర్డింగ్ ఇవ్వకండి.

లాగౌట్ కాగానే టీమక్స్ కూడా పోయింది. దాని పనే బతికి ఉండటం కదా?

సిస్టమ్‌డీ, అంటే చాలా లినక్స్‌లలో సర్వీసులనూ లాగిన్‌లనూ చూసుకునే ప్రోగ్రామ్, చంపింది. 2016లో వచ్చిన 230వ వెర్షన్‌లో కిల్‌యూజర్‌ప్రాసెసెస్ (కె, యు, పి పెద్దవి) అనే సెట్టింగ్‌ను డిఫాల్ట్‌గా ఆన్ చేశారు: యూజర్ లాగౌట్ అయితే ఆ సెషన్‌లో మిగిలిన ప్రాసెస్‌లన్నీ పోతాయి. అప్పట్లో దీని మీద పెద్ద రభసే జరిగింది, డెబియన్ లాంటివి ఆఫ్ చేసే ఇస్తున్నాయి. మీ సర్వర్‌లో ఆన్‌లో ఉంటే లాగిన్‌డీ.కాన్ఫ్ ఫైల్లో నో అని పెట్టడం సులువు. ఆ ఫైల్ మీ చేతిలో లేకపోతే, మీ యూజర్‌కు లింగర్ (లాగౌట్ అయ్యాక కూడా మీ సర్వీసులను నడవనిచ్చే సెట్టింగ్) ఆన్ చేయించుకుని, టీమక్స్‌ను సిస్టమ్‌డీ-రన్‌తో యూజర్ స్కోప్‌లో మొదలుపెట్టాలి.

ప్రాసెస్ నడుస్తోంది కానీ «టీమక్స్ ఎల్‌ఎస్» ఏమీ లేదంటోంది.

క్లయింట్, సర్వర్ మాట్లాడుకునే సాకెట్ ఫైల్ మామూలుగా టెంప్ డైరెక్టరీలో ఉంటుంది. పాత ఫైళ్ళు ఊడ్చే స్క్రిప్ట్ ఏదో దాన్ని కూడా ఊడ్చేసి ఉంటుంది. టీమక్స్ సర్వర్ ప్రాసెస్‌కు సిగ్‌యూఎస్‌ఆర్1 సిగ్నల్ పంపండి, సాకెట్‌ను మళ్ళీ తయారుచేసుకుంటుంది. చాలామందికి తెలియక ఉత్తపుణ్యానికి ప్రాసెస్‌ను చంపేస్తుంటారు.

సర్వర్ రీబూట్ అయితే?

అన్నీ పోతాయి. రిసరెక్ట్ అనే టీమక్స్ ప్లగిన్ విండోలు, పేన్లు, డైరెక్టరీలు సేవ్ చేసి మళ్ళీ పరుస్తుంది. కానీ సగంలో ఉన్న పనిని సగం నుంచి నడపదు. రీబూట్ తర్వాత కూడా ఉండాల్సినదాన్ని టీమక్స్‌లో పెట్టడమే తప్పు, దానికి సిస్టమ్‌డీ సర్వీస్ రాయండి.

స్క్రోల్ చేస్తే పాత కమాండ్లు వస్తున్నాయి, పాత అవుట్‌పుట్ రావడం లేదు.

ప్రిఫిక్స్ తర్వాత [ నొక్కి కాపీ మోడ్‌లోకి వెళ్ళి పేజ్ అప్ వాడండి, క్యూ నొక్కితే బయటికి. కాన్ఫిగ్‌లో మౌస్ ఆన్ చేస్తే చక్రం తిప్పినా పని చేస్తుంది. అప్పుడు మామూలుగా మౌస్‌తో సెలెక్ట్ చేసి కాపీ చేయడం మారిపోతుంది. చాలా టెర్మినళ్ళలో షిఫ్ట్ పట్టుకుని లాగితే పాత తీరులో వస్తుంది. ఒక్కో పేన్‌కు దాచే లైన్లు డిఫాల్ట్‌గా 2000. లాగ్‌లు చూసేవాళ్ళకు అవి ఏ మూలకూ సరిపోవు, హిస్టరీ-లిమిట్‌ను 50000 చేసుకోండి. కొత్తగా తెరిచే పేన్లకే అది వర్తిస్తుంది.

టీమక్స్ లోపల విమ్ ఎడిటర్‌లో ఎస్కేప్ నొక్కితే క్షణం ఆలస్యమవుతోందా? ఎస్కేప్ తర్వాత టీమక్స్ ఎంతసేపు ఆగి చూడాలో చెప్పే ఎస్కేప్-టైమ్ డిఫాల్ట్ చాలాకాలం 500 మిల్లీసెకన్లుగా ఉండేది. 10 పెట్టండి.

పది సర్వర్లలో ఒకే కమాండ్ ఒకేసారి ఇవ్వొచ్చా?

పేన్లలో ఒక్కో సర్వర్‌కు లాగిన్ అయి సింక్రొనైజ్-పేన్స్ అనే టీమక్స్ సెట్టింగ్ ఆన్ చేస్తే మీరు కొట్టే ప్రతి అక్షరం అన్నిటికీ వెళ్తుంది. డిస్క్ ఎంత నిండిందో చూడటం లాంటి పనులకు బాగుంటుంది. ఫైళ్ళు మార్చడానికో తీసేయడానికో వాడొద్దు. ఒక పేన్ వేరే డైరెక్టరీలో ఉన్నా, ఒకటి పాస్‌వర్డ్ అడుగుతూ ఆగినా మీరు గమనించేలోపు ఎంటర్ వెళ్ళిపోయి ఉంటుంది. అలాంటివాటికి, చాలా సర్వర్లను ఒకేసారి చూసుకోవడానికి, ఆన్సిబుల్ అనే టూల్ ఉంది.

ఇద్దరం ఒకే సెషన్ చూడొచ్చా?

ఒకే యూజర్‌గా లాగిన్ అయి ఇద్దరూ అటాచ్ అయితే చాలు, ఒకరు కొట్టేది ఇంకొకరికి కనిపిస్తుంది. -ఆర్ చేర్చి అటాచ్ అయితే చూడటమే, టైప్ చేయడం కుదరదు. ఇది మర్యాద కోసమే. అదే యూజర్‌గా ఉన్న మనిషి -ఆర్ తీసేసి మళ్ళీ రావడానికి అడ్డేమీ లేదు.

టీమక్స్ పెట్టకుండానే పెద్ద పని మొదలెట్టేశాను. ఇప్పుడు లోపలికి తేవొచ్చా?

రెప్టర్ అని ఒక టూల్ ఉంది, పేరును ఆర్-ఇ-పి-టి-వై-ఆర్ అని రాస్తారు. టీమక్స్‌లో కొత్త విండో తెరిచి దానికి ఆ ప్రాసెస్ నంబర్ ఇస్తే పనిని ఈ టెర్మినల్‌కు లాక్కొస్తుంది. ఉబుంటులో పీట్రేస్ (ఒక ప్రోగ్రామ్ ఇంకోదాని లోపలికి చేయి పెట్టే దారి) మీద ఆంక్ష ఉంటుంది కాబట్టి రూట్ సాయం కావాలి. ప్రతి ప్రోగ్రామ్‌తోనూ కుదరదు. అరగంటలో అయిపోయే పనైతే ప్రయోగాలు చేయకుండా కూర్చోవడమే నయం.

వదిలేసిన సెషన్లు ఉంటే ప్రమాదమా?

మెమరీ సంగతి పెద్దది కాదు. రూట్ షెల్ తెరిచి వదిలేసిన సెషన్ మాత్రం ప్రమాదమే. మీ అకౌంట్‌లోకి ఎవరు వచ్చినా «టీమక్స్ అటాచ్» అంటే చాలు, సుడో పాస్‌వర్డ్ కూడా అడగకుండా రూట్ చేతికొస్తుంది. రూట్ పని అయిపోగానే ఆ షెల్‌లోంచి ఎగ్జిట్ అవండి. అక్కర్లేని సెషన్‌ను «టీమక్స్ కిల్-సెషన్ -టి పేరు»తో తీసేయండి. పక్కనే ఉన్న కిల్-సర్వర్ జోలికి పోకండి, అది మీ సెషన్లన్నిటినీ ఒకేసారి తుడిచేస్తుంది, ఖాయమా అని కూడా అడగదు.